కనగర్త నుంచి ఫినిఫెన్మా వరకు: కొత్త చేపకు పేరు ఎలా నిలుస్తుంది?

దృశ్యం: తెల్లవారుజాము, ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డు. వల దులుపుతున్న చేతులు.

వ్యాఖ్యానం: గంజాం జిల్లా తీరంలోని మన తెలుగు జాలరులు పొలుసునూ రెక్కనూ చూసి చేప పేరు చెప్పగలరు. వారి నోట పలికే కనగర్త అనే చేప పేరు శాస్త్రంలోనూ స్థిరపడింది. విశాఖపట్నం చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వెలువరించిన ప్యాట్రిక్ రస్సెల్ తెలుగు పేరునే నమోదు చేయగా, ఆ వర్ణన ఆధారంగా ఫ్రెంచ్ జంతు శాస్త్రవేత్త కువియే దానికి శాస్త్రనామం పెట్టారు. అదే నేటి రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఇప్పుడు నియమం మారింది: 1999 తర్వాత ప్రచురితమయ్యే ప్రతి కొత్త జాతికీ ఆధార నమూనా, అంటే పేరుకు ఆధారమైన అసలు జీవి, ఏదో స్పష్టంగా పేర్కొనాలి.

దృశ్యం: మాల్దీవుల పగడపు దిబ్బ, మసక వెలుతురు. గులాబీ రంగు చిన్న చేప.

వ్యాఖ్యానం: 40 నుంచి 70 మీటర్ల లోతున తిరిగే ఈ చేపను చాలా కాలం సిర్రిలాబ్రస్ రుబ్రిస్క్వామిస్ అనే జాతిగానే భావించారు. ఆ జాతిని 1983లో వర్ణించినప్పుడు హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల్లో దొరికిన ఒకే ఒక్క పిల్ల చేప ఆధారం. ఈ చేపల కుటుంబమైన రాస్‌లలో పిల్ల చేప రంగు వేరు, ఎదిగిన మగ చేప రంగు వేరు; పైగా ఆడ చేపలే తర్వాత మగవిగా మారతాయి. అందుకే పొరపాటు అంతకాలం బయటపడలేదు. ఎదిగిన మగ చేపల రంగును, వీపు రెక్క ముళ్ల ఎత్తును, పొలుసుల లెక్కను, డీఎన్ఏను సరిపోల్చాకే అది వేరే జాతి అని తేలింది.

దృశ్యం: బల్ల మీద చేప. సూదులతో రెక్కలు విప్పి నిలుపుతున్నారు.

వ్యాఖ్యానం: చేపను భద్రపరిచే ఆల్కహాల్‌లో రంగు నిలవదు కనుక ముందుగా ఫొటో తీస్తారు. చేప కుళ్లకుండా వాడే రసాయనం ఫార్మలిన్ తగిలితే డీఎన్ఏ దెబ్బతింటుంది కనుక, అంతకంటే ముందే కుడి పక్క నుంచి చిన్న కండముక్క కోసి ఆల్కహాల్‌లో వేస్తారు. ఎడమ పక్కను మాత్రం తాకరు. పొలుసులు, రెక్కల ముళ్లు లెక్కించేది ఆ పక్కనే. నా దృష్టిలో ఈ పని అంతటిలో అత్యంత ఓపిక కోరేది ఆ లెక్కే, ఎందుకంటే ఒక పొలుసు ఊడిపోయి ఉంటే దాని గుంటను వెతికి మరీ లెక్కలో చేర్చాలి. అన్ని నమూనాల్లోంచి ఒక్క చేపను హోలోటైప్‌గా ఎంచి, సంఖ్య వేసి మ్యూజియంలో భద్రపరుస్తారు. పేరు ఆ చేపకే కట్టుబడి ఉంటుంది.

దృశ్యం: గులాబీ పువ్వు, పక్కనే చేప.

వ్యాఖ్యానం: 2022లో దీనికి సిర్రిలాబ్రస్ ఫినిఫెన్మా అని పేరు పెట్టారు. మాల్దీవుల భాష అయిన ధివేహిలో ఆ మాటకు గులాబీ అని అర్థం. అది మాల్దీవుల జాతీయ పుష్పం. మాల్దీవుల శాస్త్రవేత్త ఒకరు వర్ణనలో పాలుపంచుకున్న తొలి మాల్దీవుల చేప ఇదే.

దృశ్యం: మళ్లీ గోపాల్‌పూర్ ఒడ్డు.

వ్యాఖ్యానం: భారత జంతు సర్వేక్షణ సంస్థ కేంద్రం ఒకటి ఇక్కడే గోపాల్‌పూర్‌లో ఉంది. వలలో తెలియని చేప పడితే, ఎడమ పక్క పైకి వచ్చేలా పరచి, రెక్కలు విప్పి, రంగు పోకముందే ఫొటో తీసి, చేపను మంచులో ఉంచి అక్కడికి చేర్చండి.