పేరు తీసేస్తే సరిపోదు: జిల్లా పేజీలో సలహాల శీర్షిక

నమస్తే. సలహాల శీర్షిక అనగానే చానామందికి మాలతీ చందూర్ గారు గుర్తొస్తారు. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం అనే శీర్షిక మొదలుపెట్టి నలభై ఏళ్లకు పైగా నడిపారు. కర్నూలు జిల్లా పేజీలో అలాంటి శీర్షిక రాసేవాళ్లకు ఒక కష్టం ఉంది. ఉత్తరం రాసినామె అత్త, ఆడబిడ్డ, పక్కింటోళ్లు అందరూ చదివేది అదే పేజీ.

"మా ఆయన ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ, ముగ్గురు ఆడపిల్లలు, అత్తకు పక్షవాతం, రోజూ తాగొచ్చి కొడతాడు" అని ఉత్తరం వచ్చిందనుకోండి. పేరు తీసేసి "ఒక సోదరి, ఆదోని" అని వేస్తారు. కొంప మునిగేది అక్కడే. ఆ గుర్తులన్నీ కలిస్తే ఆ ఇల్లేదో యార్డంతా చెప్పేస్తుంది, దెబ్బలు మళ్లీ ఆమెకే. అందుకే ఊరు తీసేయండి. హమాలీని "కూలిపని" చేయండి, ముగ్గురు ఆడపిల్లలను "పిల్లలు" అనండి. అత్త జబ్బుతో జవాబుకు పనిలేదు, కొట్టేయండి. ఆదోని బదులు ఎమ్మిగనూరు అని మాత్రం మార్చొద్దు. అక్కడ ఇంకో ఇంటిమీద అనుమానం పడుతుంది.

జవాబుకు ఆధారమైన సంగతులు మాత్రం చెరపకూడదు. "నాన్న పోయినాడు, తమ్ముళ్లు నాకు భాగం లేదంటున్నారు" అనే ఉత్తరంలో పొలం తాతలదా, నాన్న కొన్నదా, వీలునామా ఉందా, 2004 డిసెంబరు 20కి (2005 హిందూ వారసత్వ సవరణ చట్టం పెట్టిన గడువు) ముందే పంపకం రిజిస్టరైందా అన్నవి తేలాలి. నాన్న 2005కి ముందే పోతే కూతురికి హక్కు లేదని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. అది తప్పు. తాతల ఆస్తిలో కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని, ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికుండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

పద్దెనిమిది నిండని పిల్ల తనమీద లైంగిక వేధింపు జరుగుతోందని రాస్తే అది అచ్చు వేసే ఉత్తరమే కాదు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత అది చదివినవాళ్లది. ఎడిటర్‌కు చూపించి ఆ రోజే చెప్పాలి.

దెబ్బలు తినే ఆమెకు "సర్దుకుపో తల్లీ" అని రాసేవాళ్లు ఈ శీర్షిక ముట్టుకోకపోతేనే మేలు. మొదటి వాక్యంలోనే మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థ గురించి చెప్పండి, న్యాయసహాయం హెల్ప్‌లైన్ నంబరు 15100. ఆమె ఫోన్ భర్త చూస్తుంటాడేమో, నమ్మకమైన ఇంకొకరి ఫోన్ నుంచి చేయమని కూడా రాయండి.

ఉత్తరం వెనక చిరునామా ఉంది కదా అని ఆ ఇంటికి జవాబు కార్డు పంపొద్దు. పోస్ట్‌మ్యాన్ చేతినుంచి దాన్ని అందుకునేది ఆమె భర్తే కావచ్చు.