800 రూపాయల్లో వైజాగ్: పొద్దున బురుజుపేట, రాత్రి పద్య నాటకం

(బీచ్ రోడ్డు. వెనక సబ్‌మెరైన్. గాలి హోరు, మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాలి.)

హాయ్ అండీ. లండన్ వెళ్లినవాళ్లు అక్కడ మ్యూజికల్ చూశామని స్టేటస్‌లు పెడుతుంటే మా మామ్మ నా ఫోన్‌లోకి తొంగి చూసి, "ఏటే, పద్యాలు పాడి నాటకం ఆడితే దానికి అన్నేసి వేలా? మా ఊళ్లో హార్మోనియం పెట్టి తెల్లవార్లూ ఊరికే ఆడేవారు కదే" అంది. పద్యాలు కావు మామ్మా పాటలు అన్నాను గానీ, పాయింటు మాత్రం కరెక్టే. అందుకే ఈ వీడియో, పగలు వైజాగ్ చూసి రాత్రికి పద్య నాటకానికి వెళ్లడం. నేనూ మామ్మా, ఒక ఆదివారం, చేతిలో 800 రూపాయలు.

వైజాగ్‌లో డబ్బులు టికెట్ల దగ్గర పోవు, ఆటోల దగ్గర పోతాయి. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం రుషికొండ, మళ్లీ వెనక్కి బీచ్ అని అడ్డదిడ్డంగా తిరిగితే పర్సు ఖాళీ, కాళ్లూ ఖాళీ. కాబట్టి సాయంత్రం నాటకం ఎక్కడో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోండి. సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, పిఠాపురం కాలనీలో కళాభారతి, ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం, ఈ మూడు పేర్లు గుర్తుంచుకోండి. ఏ రోజు ఏముందో నెట్‌లో వెతికితే నాకెప్పుడూ దొరకలేదు, పేపర్ జిల్లా పేజీలో చిన్న అక్షరాలతో కార్యక్రమాల లిస్టు వేస్తారు చూడండి, అక్కడ దొరికింది. కింద "ప్రవేశం ఉచితం" అని ఉంటే ఇంకేం కావాలి!

(కట్. సిటీ బస్సు కిటికీలోంచి పాత ఊరు.)

మా బస్సు ఖర్చు సున్నా. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది కదా, సిటీ ఆర్డినరీలోనూ మెట్రో ఎక్స్‌ప్రెస్‌లోనూ ఆడవాళ్లకి ఫ్రీ, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. మగవాళ్లు మన్నించాలి, మీ బడ్జెట్ కాస్త పెంచుకోండి.

పొద్దున్నే బురుజుపేట, కనకమహాలక్ష్మి అమ్మవారు. ఇక్కడ అమ్మవారి మీద పైకప్పు ఉండదు, ఎండా వానా అన్నీ ఆవిడ మీదే, ఆవిడకి పసుపు కుంకుమ మన చేత్తో మనమే పెట్టొచ్చు. మార్గశిరంలో గురువారాలు మాత్రం ఈ ప్లాన్ పెట్టుకోకండి, క్యూలోనే రోజు అయిపోతుంది. కైలాసగిరి కూడా ఈసారి వదిలేశాం. కొండెక్కి దిగేసరికి సగం రోజు పోతుంది, పైగా మామ్మ మోకాళ్లు.

మధ్యాహ్నం భోజనం పులిహోర, ఇంటి నుంచి స్టీలు డబ్బాలో. దీని గురించి చెప్పడానికేం లేదు, బాగుంది.

(కట్. సబ్‌మెరైన్ లోపల, ఇరుకు దారి.)

బీచ్‌లో అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కుర్సురా అనే ఈ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరింది, 31 ఏళ్లు పనిచేసి 2001లో రిటైరైంది, మరుసటి ఏడాదే మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తర్వాత తల, అలా దూరాలి. మామ్మ మొదటిదాని దగ్గరే ఆగిపోతుందనుకున్నాను, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నాకంటే ముందు దూరింది. దాదాపు 75 మంది ఇందులోనే తిని, పడుకుని, డ్యూటీ చేసేవారంటే "స్నానాలో?" అని గైడుని నిలబెట్టి అడిగింది. రోడ్డు దాటితే టీయూ 142 విమానం, 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసి 2017లో రిటైరైంది. రెండింటికీ టికెట్ ఉంది, సోమవారం సెలవు.

తర్వాత ఇసుకలో కూర్చుని మురీ మిక్చర్. నిమ్మకాయ ఇంకొంచెం పిండమని అడగండి, కాదనరు.

(కట్. ఆడిటోరియం, తెర ఇంకా లేవలేదు.)

బీచ్ నుంచి సిరిపురం ఎత్తు రోడ్డు, మామ్మ కోసం ఒక్క ఆటో. నాటకం ఆహ్వానం కార్డులో ఆరింటికని వేశారు, నేను పిచ్చిదానిలా అయిదున్నరకే తీసుకొచ్చాను. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, మళ్లీ ఉపన్యాసాలు, అన్నీ అయ్యేసరికి ఏడున్నర. మీరు నింపాదిగా టీ తాగి రండి.

ఎప్పుడూ చూడనివాళ్లకి చెప్తున్నా, ఇందులో పద్యమే పాట. మాటలతో కథ నడుస్తూ ఉంటుంది, ఒకచోట నటుడు ఆగుతాడు, హార్మోనియం శ్రుతి అందిస్తుంది, పద్యం ఎత్తుకుంటాడు. చివరి పాదం దగ్గర రాగం లాగడం మొదలుపెడితే అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న పక్క సీటాయన కూడా తలెత్తుతాడు. నచ్చితే వన్స్‌మోర్ అని అరవచ్చు, కృష్ణుడు రాయబారం మధ్యలో ఆపి మళ్లీ పాడతాడు, ఎవరూ తప్పు పట్టరు. కొందరు స్టేజి దగ్గరికెళ్లి నోటు చేతిలో పెట్టి వస్తారు. ఇంకోటి, ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని అదే వేషంలో నటుడు మారిపోతాడు, ఈయనెవరని కంగారు పడకండి. మామ్మకైతే కృష్ణుడంటే పాతతరం నాటకాల నటుడు పీసపాటి నరసింహమూర్తి గారే, మిగతావాళ్లంతా ఆయన తర్వాతే, ఎంత బాగా పాడినా సరే. ఎప్పుడైనా సురభి నాటక సమాజం వాళ్లు ఊళ్లోకి వస్తే టికెట్ కొనైనా వెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు మొదలుపెట్టారు, ఇప్పటికీ కుటుంబాలే ఆడుతున్నాయి, గాల్లో ఎగిరే సీన్లు స్టేజి మీద తీగలతోనే చేస్తారు.

(కట్. రాత్రి, ఖాళీ బస్టాపు.)

ఇక్కడ దెబ్బతిన్నాం. తొమ్మిదిన్నర దాటాక మా వైపు బస్సు దొరకదేమోనని భయపడి నాటకం మధ్యలో మామ్మని లేవదీశాను, అయినా బస్సు రాలేదు, ఆటో అతను 250 అన్నాడు, మారు మాట్లాడకుండా ఎక్కాం. రోజంతా ఇద్దరికీ అయిన ఖర్చులో ఇదే పెద్దది. వెళ్లేటప్పుడే తిరుగు బస్సు కండక్టర్‌ని అడిగి పెట్టుకోవాల్సింది.

800లో ఇంకా 90 మిగిలింది. కానీ రెండో కృష్ణుడు రాకముందే లేపేశానని మామ్మ వారం నుంచి దెప్పుతోంది. ఈ నెలలో ఎక్కడైనా పద్య నాటకం ఉంటే కామెంట్‌లో హాలు పేరు, టైమ్ పెట్టండి, ఆవిడకి సగం నాటకం బాకీ ఉన్నాను.