సిల్లీ అంటే ధన్యుడు

అందరికీ నమస్కారం.

ఒక ఇంగ్లిష్ మాట గురించి తెలుగువాళ్లందరం కూర్చుని మాట్లాడుకోవడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ నేను తెచ్చిన మాట ఇప్పటికే సగం మనది. ‘సిల్లీ’. ఇంటర్ చదివే పిల్లలకైతే దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. జేఈఈలో లెక్కంతా సరిగ్గా చేసి చివర్లో మైనస్ గుర్తు వదిలేస్తే, రావలసిన నాలుగు మార్కులు రావు, పైగా ఉన్నవాటిలోంచి ఒకటి కోసేస్తారు. ఇంటికొచ్చి, “సిల్లీ మిస్టేక్ నాన్నా” అంటాం. అంటే నాకు తెలియక కాదు, ఏమరపాటున పోయిందని. తెలివితక్కువతనానికి అదొక మర్యాదైన పేరు.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో ఈ మాటతో ఎవరినైనా పిలిస్తే దండం పెట్టినంత పని. అప్పటి రాతలో ఇది ‘సేలిగ్’. మూలం ‘సేల్’ అనే నామవాచకం. సేల్ అంటే కాలం, తగిన సమయం, మంచి రోజు, అక్కణ్ణుంచి అదృష్టం, సంతోషం. కాబట్టి సేలిగ్ అంటే మన భాషలో సరిగ్గా ‘కాలం కలిసొచ్చినవాడు’. తొమ్మిదో శతాబ్దం చివర ఆల్ఫ్రెడ్ రాజు పేరు మీద కొన్ని లాటిన్ పుస్తకాలు ఆనాటి ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. వాటిలో ఒకటి రోమన్ తత్త్వవేత్త బొయీథియస్ జైల్లో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ రాసిన తత్త్వగ్రంథం. అదృష్టమంటే ఏమిటి, నిజమైన ఆనందం ఎక్కడుంటుంది అన్నదే అందులో చర్చంతా. ఆ పెద్ద పెద్ద లాటిన్ మాటలకి అనువాదంలో వాడింది ఈ సేలిగ్ కుటుంబం మాటలనే.

జర్మన్‌లో దీని తోబుట్టువు ‘జేలిగ్’ ఇప్పటికీ ఆ పీట దిగలేదు. చర్చిలో ఒకరిని ధన్యులుగా ప్రకటించడానికి వాళ్లు వాడేది ఆ మాటే. చనిపోయిన తండ్రిని తలుచుకునేటప్పుడు, మనం ‘స్వర్గీయ’ అన్నట్టుగా, పేరు పక్కన అదే చేర్చే అలవాటూ ఉంది. మన తెలుగు బైబిల్లో కొండమీది ప్రసంగం ‘ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు’ అని మొదలవుతుంది కదా. ఆ ‘ధన్యులు’ ఉన్న చోట లూథర్ జర్మన్ బైబిల్లో ఉన్నది ‘జేలిగ్’. తల్లి ఒకటే. ఒకరు గుడిలో ఉండిపోయారు, ఇంకొకరు జేఈఈ హాల్లో తేలారు.

మరి ఇంగ్లిష్‌లో జారిందెక్కడ? పాఠ్యపుస్తకాలు దీన్ని మెట్ల వరసలా చెప్తాయి: ముందు ధన్యుడు, తర్వాత పుణ్యాత్ముడు, తర్వాత నిర్దోషి, తర్వాత జాలిపడదగినవాడు, తర్వాత బలహీనుడు, చివరికి తెలివితక్కువవాడు. నాకు ఈ మెట్ల మీద పెద్ద నమ్మకం లేదు. మనుషులు మెట్టు దిగి, కిందటి మెట్టు తుడిచేసుకుంటూ పోరు. నాలుగైదు అర్థాలు ఒకే ఇంట్లో చాలాకాలం కలిసి కాపురం ఉంటాయి.

అది చూడాలంటే 1400లో చనిపోయిన ఇంగ్లిష్ కవి చాసర్ దగ్గరికి వెళ్లాలి. అప్పటికి మాట ‘సేలీ’ అయింది. ఆయన చెప్పిన మిల్లర్ కథలో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వడ్రంగి ఉంటాడు. పేరు జాన్. ముసలివాడు, భార్య పడుచు. ఇంట్లో అద్దెకున్న నికొలస్ అనే విద్యార్థికి ఆమె మీద కన్ను. వాడు వడ్రంగిని కూర్చోబెట్టి, జాతకాలు చూశాను, నోవహు నాటి జలప్రళయం కంటే పెద్ద వాన రాబోతోంది అంటాడు. అది వినగానే వడ్రంగికి వచ్చిన మొదటి ఆలోచన, అయ్యో నా భార్య మునిగిపోతుందే అని. ఏడుస్తాడు. మూడు తొట్లు తెచ్చి ఇంటికప్పు దూలాలకు వేలాడదీస్తాడు, తిండీ తాగడానికీ అన్నీ సర్దుతాడు, వాటికి నిచ్చెనలు కూడా తనే చేస్తాడు. ఈ పని జరుగుతున్నంతసేపూ చాసర్ అతన్ని ‘ఈ సేలీ వడ్రంగి’ అంటూనే ఉంటాడు. చివరికి తొట్టితో సహా కింద పడి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు, ఊరంతా వచ్చి పిచ్చివాడని నవ్వుతుంది.

ఇక్కడ సేలీ అంటే ఏమిటి? అమాయకుడా, పాపం అనాల్సినవాడా, వెర్రివాడా? మూడూ. ఏ ఒక్కటి తీసేసినా కథ చప్పబడుతుంది. అదే చాసర్ ట్రాయిలస్ కావ్యంలో, ఎన్నోసార్లు పిలిస్తే వచ్చి బాధను ముగించే చావు ‘సేలీ’ అంటాడు. అక్కడ మాత్రం పాత అర్థమే, ధన్యమైన చావని. ఒకే మనిషి, ఒకే కలం.

మనకిది అర్థం కాని సంగతేమీ కాదు. మాయ తెలియనివాడు అమాయకుడు. అంతకంటే పొగడ్త ఏముంటుంది? కానీ పెళ్లిచూపుల్లో “అబ్బాయి చాలా అమాయకుడండీ” అని చెప్పి చూడండి, అమ్మాయి తండ్రి కాఫీ కప్పు కింద పెట్టి మధ్యవర్తి వైపు చూస్తాడు. ఎవరూ తిట్టలేదు, ముద్దుగానే అన్నారు. సేలీకి జరిగిందీ అదేనని నా అభిప్రాయం. దాన్ని కిందికి లాగింది ద్వేషం కాదు, జాలి.

పదిహేనో శతాబ్దం ప్రాంతంలో పలుకులో దీర్ఘం కూడా కురచై, ‘సేలీ’ నుంచి వచ్చిన ‘సీలీ’ కాస్తా ‘సిల్లీ’ అయింది. అయినా పాత జాలి పోలేదు. షేక్‌స్పియర్ తొలి నాటకాల్లో ఒకదానిలో అడవి దొంగలు వాలంటైన్‌ని తమ నాయకుడిగా ఉండమంటారు. అతను ఒక షరతు పెడతాడు: సిల్లీ ఆడవాళ్ల జోలికీ, పేద బాటసారుల జోలికీ పోకూడదు. ఈ రోజు చదివితే ఆడవాళ్లని వెక్కిరిస్తున్నాడనిపిస్తుంది. కాదు, దిక్కులేనివాళ్లు అంటున్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో హోషేయ ప్రవక్త ఎఫ్రాయిమును, అంటే దారి తప్పిన ఇశ్రాయేలు జనాన్ని, ‘సిల్లీ పావురం’తో పోలుస్తాడు. అక్కడికొచ్చేసరికి బుద్ధిలేనితనం వైపు కాటా మొగ్గింది.

కోల్‌రిడ్జ్ 1798లో అచ్చైన ముసలి నావికుడి కావ్యంలో ఏకంగా బకెట్లనే సిల్లీ అన్నాడు. దాహంతో చచ్చిపోతున్న ఓడ మీద ఎన్నాళ్లుగానో ఖాళీగా పడున్న బకెట్లు. అవి మంచు బిందువులతో నిండినట్టు నావికుడు కలగంటాడు, లేచేసరికి వాన. ధన్యమైన బకెట్లా, పనికిరాని బకెట్లా అని పండితులకు పేచీ. నన్నడిగితే, పాపం బకెట్లు.

స్కాట్లండులో మాత్రం పాత రూపం బతికింది. అక్కడి జానపద కథల్లో మంచి దేవకన్యలది ‘సీలీ’ సభ, కీడు చేసేవాళ్లది ‘అన్‌సీలీ’ సభ.

ఇక క్రికెట్. సిల్లీ పాయింట్, సిల్లీ మిడాన్, సిల్లీ మిడాఫ్. బ్యాటర్ మొహం ముందు నాలుగడుగుల్లో నిలబడే చోట్లు. ఈ పేర్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉన్నాయి, అంటే హెల్మెట్లు రావడానికి చాలా ముందు. అక్కడ నిలబడటానికి బుద్ధుండాలా అని నవ్వుతూ పెట్టిన పేరు. ఆ చుట్టుపక్కలదే ఫార్వర్డ్ షార్ట్ లెగ్. 1998లో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా అక్కడ నిలబడిన భారత క్రికెటర్ రమణ్ లాంబాకు బంతి తలకు తగిలింది. మూడు రోజులకు ఆయన చనిపోయారు. కామెంటరీలో ‘సిల్లీ పాయింట్‌లో ఫీల్డర్’ అని విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

సమయం అయిపోతోంది, నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. ఇందాక ముందు వరసలోంచి ఒక అమ్మాయి, మాటలన్నీ ఇలా కిందికే జారతాయా అని చీటీ పంపింది. లేదమ్మా. ‘నైస్’ ఉంది కదా, నువ్వు రోజుకి ఇరవైసార్లు వాడే మాట. అది లాటిన్ ‘నెస్కియుస్’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. దానర్థం ‘ఏమీ తెలియనివాడు’. 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లో అడుగుపెట్టినప్పుడు నైస్ అంటే మొద్దు. చాసర్ కాలంలో ఒకరిని నైస్ అంటే కొట్టడానికి వచ్చేవారు, సేలీ అంటే కాసేపు ఆలోచించేవారు. అది పైకెలా ఎక్కిందో చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.