సింగ్‌నగర్ డాబా మీద హెలికాప్టర్ ముచ్చట్లు

హాయ్ అండీ అందరికీ, ఎలా ఉన్నారు? డల్లాస్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, జెట్‌లాగ్ వదల్లేదు, తెల్లారుజామున మూడింటికే మెలకువ. ఇప్పుడు మా అక్క వాళ్ళింట్లో ఉన్నా, విజయవాడ సింగ్‌నగర్. ఇదిగో గోడ మీద ఈ చార కనిపిస్తోందా, ఉండండి కెమెరా దగ్గరికి తెస్తా... 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. రెండుసార్లు రంగేయించినా మళ్ళీ తేలుతోందంట.

అప్పుడు వీళ్ళంతా ఈ డాబా మీదే ఉన్నారు, హెలికాప్టర్లు వచ్చి ఫుడ్ ప్యాకెట్లు వేశాయి కదా, మా అక్క కొడుకు అది చూశాడు, అంతే, అప్పట్నుంచి వాడికదే పిచ్చి. ఇప్పుడు సెకండ్ ఇంటర్ ఎంపీసీ. నేను దిగీ దిగగానే "పిన్నీ, అమెరికాలో ఏడాదిలో పైలట్ అయిపోవచ్చంట కదా" అని మొదలెట్టాడు. మా బావగారేమో ఆ ఫీజు కోసం సైటు బేరం కూడా పెట్టేశారు! "లైసెన్స్ రావాలంటే విమానమైతే 200 గంటలు ఎగరాలంట, హెలికాప్టర్‌కి 150యే కదమ్మా" అంటారు.

లెక్క తప్పేం కాదండీ. ఇక్కడ డీజీసీఏ, అంటే మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే సంస్థ, దాని కమర్షియల్ హెలికాప్టర్ లైసెన్స్‌కి 150 గంటలు, అమెరికాలో అలాంటిదే ఎఫ్‌ఏఏ, దానికి కూడా 150యే, పద్దెనిమిదేళ్ళు నిండాలి. సరే, లైసెన్స్ వచ్చింది, ఉద్యోగం ఎవరిస్తారు? అక్కడ టూరిస్టుల్ని తిప్పే కంపెనీలే సుమారు 1000 గంటలు అడుగుతాయి. ఆ మిగతా గంటలన్నీ సొంత డబ్బుతో ఎగరాలంటే సైటు కాదు కదా ఊరమ్మినా చాలదు, అందుకే చాలామంది ఇన్‌స్ట్రక్టర్ అయ్యి వేరేవాళ్ళకి నేర్పిస్తూ గంటలు పెంచుకుంటారు. ఆర్22 అని ఇద్దరే పట్టే బుల్లి హెలికాప్టర్ ఉంటుంది, దాంట్లో నేర్పించాలంటేనే మనకి హెలికాప్టర్లలో 200 గంటలుండాలి. పైగా ఎం1 అని ఇలాంటి ట్రైనింగ్‌లకిచ్చే స్టూడెంట్ వీసా మీద వెళ్తే చదువయ్యాక పనిచేసేది మహా అయితే ఆరు నెలలు. తిరిగొస్తే అమెరికా లైసెన్స్ చూపించి ఇక్కడ ఉద్యోగంలో చేరలేం, డీజీసీఏ పరీక్షలు రాయాలి, పాస్ మార్కు 70 శాతం.

నేనొకసారి సరదాకి ఆ ఆర్22 ఎక్కానండీ, అరగంట. ముందు కాటా ఎక్కించారు, సీటుకి 240 పౌండ్లే లిమిట్ అంట, అంటే 109 కిలోలు, మా ఆయన ముసిముసి నవ్వులు. ఎడం చేతిలో కర్ర పైకి లాగితే లేస్తుంది, కుడి చేతిలో ఇంకో కర్ర, కాళ్ళ కింద పెడల్స్. ఎడం చెయ్యి కాస్త లాగానా, ముక్కు పక్కకి తిరిగింది, పెడల్ తొక్కితే మొత్తం పక్కకి జారిపోతోంది, అది సర్దేలోపు కిందకి దిగుతోంది. నిండు బిందె నెత్తిన పెట్టుకుని సైకిల్ తొక్కినట్టుంది. గాల్లో ఒకచోట ఊరికే నిలబెట్టడం, అదే కష్టం, పది సెకన్లు కూడా నిలపలేకపోయా నేను.

అందుకే బావగారికి ఒకటే చెప్పా, సైటు సంగతి తర్వాత, ముందు వాడికి మెడికల్ చేయించండి అని. పైలట్లకి చేసే వైద్య పరీక్షలు, ముందు క్లాస్ 2 అంటారు, తర్వాత క్లాస్ 1, అందులో రంగులు గుర్తుపట్టడం దగ్గరే కొందరు ఆగిపోతారు. ఫీజు కట్టేశాక అది బయటపడితే ఏం చేస్తాం? ఇంకోటి, మీ డాబా మీదకి వచ్చినవి నేవీ, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు బావగారూ, ఆ పైలట్లెవరూ సైట్లు అమ్ముకోలేదు అన్నా. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ళ లోపైతే ఎన్‌డీఏ, అంటే మిలిటరీ ఆఫీసర్ల అకాడమీలో చేరే పరీక్ష, రాయొచ్చు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ హెలికాప్టర్ ట్రైనింగ్ హైదరాబాద్ పక్కనే, హకీంపేటలో. ఇక్కడి సివిల్ కంపెనీల్లో కూడా చాలామంది అలా సర్వీస్ చేసి వచ్చినవాళ్ళే. సీటు రావడం మాత్రం తేలిక కాదు, అదీ చెప్పా.

బావగారు ఏం మాట్లాడలేదు, లేచి బ్రోకర్‌కి ఫోన్ చేసి "రెండ్రోజులు ఆగు" అన్నారు. అక్క కొడుకేమో ఫోన్‌లో ఆ రంగుల పరీక్షలో చూపించే చుక్కల బొమ్మలు తీసి, వాటిలో దాగున్న అంకెలు ఒక్కోటీ చదువుతున్నాడు. అక్క పచ్చడి గిన్నె పట్టుకునే తొంగి చూసి "నాకూ 12 కనిపిస్తోంది, నన్నూ పంపుతారా" అంటోంది.