దూడల మూత్రం స్ట్రిప్పులు: నా గొడవంతా ఒక్క గడితోనే!

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ స్ట్రిప్పుల డబ్బా కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు. మూత్రంలో ముంచితే ఒక్కో గడి ఒక్కో సంగతికి రంగు మారే పట్టీలివి. పది గడుల లిస్టు, రేటు మీరు ఆన్‌లైన్‌లో చూసే ఉంటారు, అవి మళ్లీ చదవను.

మన శంషాబాద్ వైపు కొట్టాల్లో లేగదూడ పారుకుంటే అందరం పేడే చూస్తాం, మూత్రం పట్టం. నిజానికి పడుకున్న దూడను లేపితే చాలాసార్లు అప్పుడే పోసేస్తుంది, కప్పు రెడీగా ఉంటే చాలు. సెలైన్ ఎక్కించకముందే పట్టాలి, ఎక్కించాక మూత్రం ఎలాగూ పలచబడుతుంది.

ఇక నా గొడవ. స్పెసిఫిక్ గ్రావిటీ గడి, అంటే మూత్రం ఎంత చిక్కగా ఉందని. కిడ్నీ సంగతి తెలియాలంటే నాకు ముందు కావాల్సింది ఇదే. పారుడుతో ఒంట్లో నీళ్లు తగ్గిన దూడకి మూత్రం చిక్కబడాలి. కళ్లు గుంటలు పడ్డా అది చిక్కబడకుండా 1.008, 1.012 మధ్యే ఆగిందంటే కిడ్నీ మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ స్ట్రిప్పేమో మనుషుల కోసం చేసింది. లవణాలను బట్టి రంగు మారుతుంది, యూరియాని అసలు లెక్కలోకే తీసుకోదు! ఒకే కప్పులోది, చుక్క వేస్తే వెలుతురు వంగేదాన్ని బట్టి చిక్కదనం చెప్పే రిఫ్రాక్టోమీటర్‌లో ఒకటి, ఇక్కడ ఇంకోటి. ఏది నమ్మాలి? నేనైతే రిఫ్రాక్టోమీటర్నే నమ్ముతా.

నా దగ్గర జున్నుపాల చిక్కదనం చూసే బ్రిక్స్ మీటర్ (అదీ ఒక రిఫ్రాక్టోమీటరే) పాతది ఉంది. 22 దాటితే మంచి జున్నుపాలు, దూడకి ధైర్యంగా పట్టేయొచ్చు. అంత నచ్చి, మూత్రానికి గ్రావిటీ స్కేలున్నది వేరేగా కొన్నా. డిస్టిల్డ్ వాటర్‌తో 1.000 దగ్గర సెట్ చేసి ఒకట్రెండు చుక్కలు వేస్తే చాలు. మే నెలలో మాత్రం రేకుల షెడ్డు కింద చూడకండి. చాలా మీటర్లు వేడికి సర్దుకునేది 30 డిగ్రీల వరకే, మన హైదరాబాద్ ఎండ సంగతి వాటికేం తెలుసు!

ప్రొటీన్ గడి పర్లేదు. కాకపోతే జున్నుపాలు తాగిన దూడకి మొదటి ఒకట్రెండు రోజులు అందులో ప్రొటీన్ కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. పాలల్లోని చిన్న ప్రొటీన్లే అలా బయటికొస్తాయి. ఈ ముక్క లోపలి కాగితంలో ఒక్క లైన్ రాయొచ్చుగా? ఆ రోజులు దాటాక కూడా వస్తుంటే డాక్టర్‌కి చూపించండి, లేదా పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయండి. నీళ్లు తగ్గిన దూడకి జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు సొంతంగా పొడవకండి, అది కిడ్నీకే దెబ్బ. తెల్లకణాల గడి? వదిలేయండి.

రేటింగా? ఐదుకి రెండు. ఒకటి ప్రొటీన్‌కి, ఒకటి రక్తం గడికి. డబ్బులుంటే ముందు రిఫ్రాక్టోమీటర్ కొనండి.