ఈఎన్‌సీ ఉన్నా బస్సు మోత ఆగదు బావగారూ!

(టేబుల్ మీద రెండు ఇయర్‌బడ్స్ డబ్బాలు, పక్కన ఖాళీ ఇడ్లీ ప్లేటు)

నమస్కారం. ఈ వారం వేరే వీడియో అనుకున్నాను. ఆదివారం మా బావగారు ఫోన్ చేసి ప్లాన్ మార్చేశారు.

"ఏమోయ్ బామ్మర్దీ, 1,299 పెట్టి బడ్స్ కొన్నాను. డబ్బా మీద నాయిస్ క్యాన్సిలేషన్ అని ఇంతింత అక్షరాలతో వేశాడు. గుంటూరులో బస్సెక్కాను, మంగళగిరి వచ్చింది, ఇంజను మోత తప్ప పాట వినపడితే ఒట్టు. ఇది మోసం కాదూ?"

"బావగారూ, ఆ మాటకి ముందు ఒక పొట్టి మాట ఉంటుంది చూడండి. అది ఏ తో మొదలైందా, ఈ తో మొదలైందా?"

కాసేపు మాట లేదు. సంచీలో డబ్బా వెతుకుతున్నట్టున్నారు. "ఈ" అన్నారు.

ఈఎన్‌సీ, అంటే ఎన్విరాన్‌మెంటల్ నాయిస్ క్యాన్సిలేషన్! ఈ నెలలో నాకిది నాలుగో ఫోన్. అందరిదీ ఇదే బాధ. ఇందులో తమాషా ఏమిటంటే, బస్సులో ఉన్నానని బావగారు చెప్పేదాకా నాకు ఆ సంగతే తెలియదు. గొంతు అంత శుభ్రంగా వినపడింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

విజయవాడలో ఇడ్లీ తెలియనివాళ్ళు ఉండరు కాబట్టి ఇడ్లీతోనే చెబుతాను. పొద్దున ఏడున్నరకి గాంధీనగర్‌లో పార్సిల్ కోసం నిలబడ్డారు. కౌంటర్లో అతను ఇడ్లీలు ఆకులో చుట్టి, చట్నీ విడిగా కట్టి, సాంబారు కవరు మూతి మెలేసి రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చాడు. ఇంటికెళ్ళేదాకా ఒక్క చుక్క కారలేదు. లాభం ఎవరికి? ఇంట్లో కూర్చుని తినేవాళ్ళకి. మీకేం ఒరిగింది? నిలబడ్డచోట ఎండ అలాగే ఉంది, పక్కాయన మోచెయ్యి డొక్కలో అలాగే గుచ్చుకుంటోంది. ఇదీ ఈఎన్‌సీ. మీ గొంతుని శుభ్రంగా పార్సిల్ కట్టి అవతలివాళ్ళకి పంపిస్తుంది. మీ చెవికి దాంతో పనే లేదు.

పార్సిల్ వద్దనుకుని లోపలికెళ్ళి కూర్చున్నారనుకోండి. మీ నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతోంది. ఆ గాలి మీకు. ఇంట్లోవాళ్ళకి రాదు. అది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్.

పార్సిల్ డబ్బులిచ్చి ఫ్యాన్ గాలి రాలేదని గొడవపడితే ఎలాగండీ? డబ్బా మీద రాసినవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా! "నాయిస్ క్యాన్సిలేషన్" అనేది కొండంత, "ఈ" అనేది చీమంత. పొరపాటున అలా అచ్చయిందంటే నేను నమ్మను.

సరే, పార్సిల్ ఎలా కడుతుందో చూద్దాం. బడ్ ఉండేది చెవిలో. నోరేమో ఇంచుమించు జానెడు దూరంలో. అందుకే ఒక్కో బడ్‌లో రెండు మైకులు పెడతారు. మీ మాట ఒక మైకుకి ముందు, ఇంకోదానికి వెంట్రుకవాసి తర్వాత చేరుతుంది. ఆ తేడా పట్టుకుని, నోటి వైపు నుంచి వచ్చింది ఉంచి మిగతాది తగ్గిస్తుంది. డబ్బా మీద "క్వాడ్ మైక్" అని ఉంటే ఒక్కో చెవికి నాలుగని సంబరపడకండి. మామూలుగా రెండు చెవులకీ కలిపి నాలుగు. ఒక్కోసారి ఈ పార్సిల్ అతనికి మరీ జాగ్రత్త ఎక్కువై, కారకూడదని సాంబారులో ములక్కాడ ముక్కలు కూడా వడకట్టేస్తాడు. అప్పుడు మీ గొంతు నీళ్ళ బిందెలోంచి వచ్చినట్టు ఉంటుంది. మోత పోతుంది, మాట కూడా సగం పోతుంది. చవక బడ్స్‌లో ఎక్కువగా ఇదే చూశాను.

దీన్ని పరీక్షించడానికి షాపులో పాట వింటే లాభం లేదు. ఏసీ షోరూములో ఏ బడ్స్ అయినా బాగానే ఉంటాయి. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద సాయంత్రం ఆరున్నరకి నిలబడి ఇంటికి ఫోన్ చేయండి. "అమ్మా, నేనెక్కడున్నానో చెప్పు" అనండి. "ఆ హారన్లేంట్రా, రోడ్డు మీదున్నావా?" అంటే పార్సిల్ కారుతున్నట్టే. "ఏమో, ఇంట్లోనే ఉన్నట్టున్నావు" అంటే పాసైంది. "ఎవరండీ మీరు?" అంటే ముక్కలు కూడా వడకట్టేసింది, వెనక్కి ఇచ్చేయండి. తర్వాత ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ ఇదే పరీక్ష చేయండి. అక్కడ శత్రువు వేరు, కృష్ణ మీది గాలి. అది నేరుగా మైకు రంధ్రంలోకే కొడుతుంది. ట్రాఫిక్‌కి తట్టుకున్నవి ఆ గాలికి బోల్తా పడటం నా కళ్ళారా చూశాను.

ఇక ఫ్యాన్. ఈ భాగం నాకు మహా ఇష్టం.

శబ్దమంటే గాలిలో అల. ఎత్తు, పల్లం, ఎత్తు, పల్లం. బడ్ బయటి మైకు ఆ అలని వింటుంది, లోపలి చిప్ సరిగ్గా తలకిందులుగా ఇంకో అల తయారుచేస్తుంది. అక్కడ ఎత్తుంటే ఇక్కడ పల్లం. రెండూ చెవిలో కలిస్తే చదును. ఈ ఊహ కొత్తదేం కాదు. పాల్ లూయెగ్ అనే జర్మన్‌కి దీనిమీద అమెరికాలో 1936లోనే పేటెంట్ వచ్చింది. చెవిలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. 1978లో, బోస్ స్పీకర్ల కంపెనీ పెట్టిన అమర్ బోస్ జ్యూరిక్ నుంచి విమానంలో వస్తూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇంజను మోతకి పాట వినపడలేదు. అచ్చం మా బావగారి బాధే. కాకపోతే ఆయన ఫోన్ చేసి బామ్మర్దిని తిట్టకుండా సీట్లోనే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న బెంగాల్ నుంచి వెళ్ళిన మనిషి. 1989లో ఆ కంపెనీ హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చింది, అదీ పైలట్ల కోసం.

ఈ కథ ఊరికే చెప్పలేదు. ఫ్యాన్ పుట్టిందే విమానం మోత కోసం. ఆ మోత ఒకే తీరున "హూం" అని సాగుతుంది. బస్సు ఇంజను, రైలు గడగడ, ఏసీ, సీలింగ్ ఫ్యాన్ ఇదే జాతి. తర్వాత రాబోయే అల ఎలా ఉంటుందో లెక్క కట్టొచ్చు. హారన్, కండక్టర్ విజిల్, వెనక సీట్లో పసిపిల్ల ఏడుపు అలా కాదు. కీచు శబ్దంలో అలలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎదురు అల కాస్త ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. కాబట్టి ఏఎన్‌సీ ఉన్న బడ్స్ కొని, పక్కింటివాళ్ళ మాటలు ఇంకా వినపడుతున్నాయని నాకు ఫోన్ చేయకండి. ఫ్యాన్ గాలి ఇస్తుంది కానీ ఈగల్ని తోలదు.

"32 డెసిబెల్స్ వరకు", "50 డెసిబెల్స్ వరకు" అని రాస్తారు చూశారా, అందులో అసలు కిటుకంతా "వరకు"లోనే ఉంది. బీసెంట్ రోడ్డులో "70 శాతం వరకు తగ్గింపు" బోర్డు చూసి లోపలికెళ్తే ఆ 70 మూలనున్న రుమాళ్ళ మీద ఉంటుంది, మీకు నచ్చిన చొక్కా మీద కాదు. ఇదీ అంతే. ఏదో ఒక ఫ్రీక్వెన్సీ శబ్దం దగ్గర వచ్చిన అత్యధిక అంకె అది.

ఫ్యాన్ ఎంత మంచిదైనా దాని కింద కూర్చోవాలి కదా. ఇక్కడే చాలామంది తప్పుతున్నారు. డబ్బాలో చిన్న కవర్లో ఇంకో రెండు జతల రబ్బరు టిప్స్ వస్తాయి. ఎంతమంది విప్పారు? చాలా ఇళ్ళలో ఆ కవరు విప్పకుండానే చెత్తబుట్టలోకి పోతుంది. టిప్ చెవి రంధ్రాన్ని సరిగ్గా మూయకపోతే సందులోంచి మోత లోపలికొస్తుంది, పాటలో బేస్ బయటికి పోతుంది. "ఈ బడ్స్‌లో బేస్ లేదు" అని తిట్టేవాళ్ళు ముందు టిప్ మార్చి చూడండి. బడ్స్ పెట్టుకుని ఇడ్లీ తినండి. నిజంగానే చెబుతున్నాను. నాలుగు ముద్దలు నమిలేసరికి జారితే సైజు తప్పు. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలనీ లేదు, నాకు ఎడమకి చిన్నది, కుడికి మధ్యది. అసలు టిప్సే లేకుండా చెవి అంచున వేలాడే రకంలో ఏఎన్‌సీ కొనడమంటే నా దృష్టిలో ఆరుబయట ఏసీ పెట్టుకోవడమే.

ఇంకో ఫిర్యాదు. "పాట బ్రహ్మాండంగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలవగానే పాత రేడియోలా అయిపోతుంది." బడ్స్ పాడవలేదండీ. పాట వినేటప్పుడు బ్లూటూత్ క్యారేజీలో అన్ని గిన్నెల్లోనూ మీకు రావలసిన తిండే. మైకు ఆన్ అయిందంటే మీ గొంతు అటు పోవాలి, వాళ్ళ గొంతు ఇటు రావాలి. అప్పుడు పెద్ద క్యారేజీ పక్కనపెట్టి, ఫోన్ కాల్స్ కోసం చేసిన బుల్లి క్యారేజీకి మారుతుంది. అందులో శబ్దాన్ని సెకనుకి 8 వేలసార్లో 16 వేలసార్లో కొలిచి పంపుతారు. పాటకైతే అది 44,100 సార్లు. ఖరీదైన వాటిల్లోనూ చాలాకాలం ఇదే తంతు. ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి దీన్ని సరిచేస్తుంది, కానీ అటు ల్యాప్‌టాప్‌లోనూ ఇటు బడ్స్‌లోనూ రెండింట్లో ఉండాలి. అప్పటిదాకా మీటింగ్‌కి ల్యాప్‌టాప్ మైకు ఎంచుకుని, వినడానికి మాత్రం బడ్స్ పెట్టుకోండి.

(వాచీ చూసుకుంటూ)

అయ్యో, ఎడిటింగ్ తమ్ముడు వేళ్ళు చూపిస్తున్నాడు. మిగతావి గబగబా.

బ్యాటరీ. "40 గంటలు" అంటే మామూలుగా కేసుతో (బడ్స్ పెట్టుకునే ఛార్జింగ్ డబ్బాతో) కలిపి, సగం వాల్యూములో, ఏఎన్‌సీ ఆపేసి. ఒక్కసారి చెవిలో పెడితే ఎన్ని గంటలో చూడండి, ఆ అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆరేడు గంటలుంటే రోజువారీకి చాలు.

ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచీ పడే తుంపరకి తట్టుకుంటుంది. చెమట, చిరుజల్లు ఫరవాలేదు. బకెట్లో పడితే కాదు. ఎక్స్ అంటే దుమ్ముకి పరీక్షించిన రేటింగ్ లేదని. కేసుకి మామూలుగా ఏ రేటింగూ ఉండదు, మే నెలలో చెమట పట్టిన బడ్స్ తుడవకుండా అందులో పెట్టేవాళ్ళు వినండి.

డ్రైవర్ అంటే బడ్ లోపలి బుల్లి స్పీకరు. 13 ఎంఎం డ్రైవర్ 10 కన్నా గొప్పేం కాదు. గిన్నె పెద్దదైనంత మాత్రాన ఇడ్లీ మెత్తగా రాదు, పిండిని బట్టి ఉంటుంది.

బ్లూటూత్ 5.3, 5.4 అంకె చూసి సౌండ్ బాగుంటుందనుకోకండి, దానికీ దీనికీ పెద్దగా సంబంధం లేదు. ఫోన్ వెనక జేబులో పెడితే తెగుతుంటే చొక్కా జేబులోకి మార్చండి. మన ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ని మింగేస్తుంది.

గేమ్ మోడ్ అంటే బొమ్మకీ శబ్దానికీ మధ్య ఆలస్యం తగ్గించేది. గేమ్స్ ఆడని వాళ్ళు దానికోసం 200 ఎక్కువ పెట్టకండి.

వాల్యూము. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. బస్సు మోత మీద గెలవాలని వాల్యూము పెంచేవాళ్ళు ఆ గీత ఇట్టే దాటేస్తారు. అందుకే రోజూ విజయవాడ, గుంటూరు తిరిగేవాళ్ళకి ఏఎన్‌సీకి ఇంకో 500 పెట్టమనే చెబుతాను. ఇంట్లో, ఆఫీసులో ఫోన్లు మాట్లాడేవాళ్ళకి ఈఎన్‌సీ చాలు, ఫ్యాన్ దండగ.

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో పీసు మాత్రమే ఇస్తారా అనేది సీలు విప్పకముందే చదవండి.

బావగారి సంగతి చెప్పలేదు కదూ. ఆ బడ్స్ మా అక్కకి ఇచ్చేసి, తనకి ఏఎన్‌సీవి కొనుక్కున్నారు. నిన్న అక్క రైతు బజారులో నిలబడి పది నిమిషాలు మాట్లాడింది. చుట్టూ అంతమంది అరుస్తుంటారా, ఒక్క అరుపు వినపడలేదు. టమాటా ఎంతకి అమ్ముతున్నారో వింటానని చెవి రిక్కించినా దొరకలేదు, చివరికి అక్కనే అడగాల్సి వచ్చింది.