ఫ్రెండ్‌కి ఒక్క పాటే పంపండి: గోదారి జిల్లాల వాళ్ళ కోసం ఐదు బ్యాండ్ పాటలు

అందరికీ నమస్కారమండీ. ఇవాళ సినిమా పాటల జోలికి వెళ్ళట్లేదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, డెల్టాలో ఎక్కడైనా సరే బ్యాండ్ అనగానే ముందు గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపే. ఆ మేళం గొప్పతనం ఆ మేళానిదే, దానికి వేరే వీడియో పెట్టాలి. ఇవాళ చెప్పేది సొంతంగా పాట కట్టుకుని, సొంతంగా వాయించుకునే బ్యాండ్ల గురించి. ఐదు పాటలు. ఒక్కోటి ఎవరికి పంపాలి, ఎలా వినమని చెప్పాలి, ఎక్కడ చెడుతుంది, అన్నీ చెప్తాను.

ముందు పంపే పద్ధతి. వాట్సాప్ గ్రూపులో ఒకేసారి పదిహేను లింకులు పడేస్తే ఒక్కరూ తెరవరు. ఒక మనిషికి ఒక పాట. దాంతో పాటు ఒక్క వాక్యం: చెవి ఎక్కడ పెట్టాలో. "సూపర్ సాంగ్, విను" అని రాస్తే విననట్టే లెక్క. "వెనకాల మందంగా నడిచే గిటార్ ఒకటుంది, దాన్నే పట్టుకుని విను" అని రాయండి, తప్పకుండా వింటారు.

మొదటి పాట, నా లెక్కలో అన్నిటికన్నా పైన ఉండేది, "మనవ్యాలకించ". త్యాగరాజ కృతి. పాడింది బెంగళూరు బ్యాండ్ అగమ్. 2003లో మొదలైన బ్యాండ్, 2012లో మొదటి ఆల్బమ్ "ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్" తెచ్చారు. ముందు నిలబడి పాడేది హరీష్ శివరామకృష్ణన్, వయొలిన్ కూడా ఆయనే. ఈ కృతిని మాత్రం "మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్" అనే ఇంగ్లీషు పేరుతో పెట్టారు. అందుకే కృతి పేరు కొట్టి వెతికినవాళ్ళకి ఒక్కోసారి దొరకదు. రెండు పేర్లూ కలిపి కొట్టండి.

ఇది ఎవరికి పంపాలంటే, ఇంట్లో కీర్తనలు విని పెరిగినవాళ్ళకి. బ్యాండంటే గోల అనుకునే పెద్దవాళ్ళకి కూడా. ఎందుకంటే మాట మనది. "మనవి", "ఆలకించరాదటే" రెండూ కలిసి "మనవ్యాలకించరాదటే" అయ్యాయి, చిన్నప్పుడు బళ్ళో చదువుకున్న యణాదేశ సంధే. చెప్పేది రాముడితో కాదు, తన మనసుతోనే. ఆ సంగతి తెలిసి వింటే, చుట్టూ ఎంత గిటార్ మోగుతున్నా ఆ మాట బతిమాలుకున్నట్టే వినిపిస్తుంది.

ఇక్కడ కాస్త లోపలికి వెళ్దాం. రాగం నళినకాంతి. ఆరోహణలో స గ రి మ ప ని స. చూశారా, స నుంచి నేరుగా రి మీదకి పోదు. గ దాకా గెంతి, ఒక అడుగు వెనక్కేసి రి పట్టుకుని, అప్పుడు మ మీదకి పోతుంది. ధైవతం, అంటే ధ, అసలు లేదు. గిటార్‌తో చిక్కు అక్కడే మొదలవుతుంది. గిటార్ మీద కార్డ్ అంటే మూడు స్వరాలు కలిపి మోగడం. స మీద కడితే స గ ప, బాగానే ఉంటుంది. ప మీద ప ని రి, అదీ ఇబ్బంది లేదు. అదే మధ్యమం, అంటే మ మీద కార్డ్ కట్టారనుకోండి, మ ధ స అవుతుంది. లేని ధైవతం వచ్చి కూర్చుంటుంది, రాగం చెదిరిపోతుంది. అందుకని రాగం మీద పాట కట్టేటప్పుడు పవర్ కార్డ్ అక్కరకొస్తుంది. అందులో స ప లాగా రెండే స్వరాలు, మధ్యలో మూడోది ఉండదు. ఎలక్ట్రిక్ గిటార్‌కి డిస్టార్షన్, అంటే ఆ గరగరలాడే మోత, పెట్టినప్పుడు నిండు కార్డ్ కన్నా ఇదే శుభ్రంగా మోగుతుంది కూడా.

తాళం సంగతి కూడా చూడండి. ఈ కృతిది దేశాది. దెబ్బ మీద కాకుండా, దెబ్బ పడ్డాక కాస్త ఆగి పల్లవి ఎత్తుకుంటుంది. తొడ మీద తాళం వేసుకుంటూ వినండి, తెలిసిపోతుంది. ముందు ఈ కృతినే కచేరీ పద్ధతిలో ఎవరు పాడిందైనా ఒకసారి వినేసి, వెంటనే అగమ్ పాట పెట్టండి. వరస తిరగేస్తే బ్యాండ్ ఏం కలిపిందో అందదు.

రెండో పాట "మా రేవా". ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్, 2000లో వచ్చిన "కందీసా" ఆల్బమ్. మనకి రేవంటే పడవలు ఆగేచోటు, బట్టలుతికేచోటు. అక్కడ రేవా అంటే ఏకంగా నది పేరే, నర్మద. ఆ నది ఒడ్డు జానపదం ఇది. బ్యాండ్‌లో బేస్ గిటార్, అంటే అడుగు స్వరాలు పలికే గిటార్, వాయించే రాహుల్ రామ్ నర్మద మీద పెద్ద ఆనకట్టలకి వ్యతిరేకంగా నడిచిన నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఈ పాట గురించి ఇంకేం చెప్పక్కర్లేదు, భాష రాకపోయినా అందుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు పెట్టుకోండి.

కానీ ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దండీ, పాటకి అన్యాయం. బేస్ గిటార్లో అన్నిటికన్నా మందమైన తీగ మోగేది సుమారు 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అరచేతిలో పట్టే ఫోన్‌కి అంత కింది ధ్వని పలికించే సత్తా లేదు. పైపైన గొంతు, తబలా తప్ప అడుగున నడిచే గిటార్ మాయమైపోతుంది. ఈ పాటకి నడుము అదే.

ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా బేస్ రావట్లేదంటే చాలాసార్లు తప్పు రబ్బరు బడ్‌ది. డబ్బాలో చిన్న, మధ్య, పెద్ద అని మూడు సైజులు ఇస్తారు, మనం మధ్యది అలాగే ఉంచేస్తాం. ఒక పరీక్ష: పాట నడుస్తుండగా రెండు బడ్లనీ వేలితో మెల్లిగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగిందంటే గాలి బయటికి పోతోందన్నమాట. పెద్ద సైజు వేసి చూడండి. రెండు చెవులకీ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు. బేస్ బూస్ట్ మాత్రం తీసెయ్యండి, అది గొంతుని మింగేస్తుంది.

ఇంకోటుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. రావులపాలెం బస్సులో ఇద్దరు ఫ్రెండ్స్ చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు. పాట స్టీరియోలో ఉంటుంది కదా, ఎడమ చెవిలో ఒక వాయిద్యం, కుడి చెవిలో ఇంకోటి. అంటే ఒకరికి సగం పాట, రెండోవాళ్ళకి మిగతా సగం. ఒకడికి గిటార్ నచ్చుతుంది, రెండోవాడు "గిటార్ ఎక్కడుందిరా?" అంటాడు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చెయ్యండి, రెండు వైపులా పాట మొత్తం వస్తుంది. ఇంటికెళ్ళాక ఆఫ్ చెయ్యడం మర్చిపోకండి.

క్వాలిటీ సంగతి. స్పాటిఫైలో నార్మల్ అంటే 96 కేబీపీఎస్ (సెకనుకి ఎంత డేటా వస్తుందో చెప్పే కొలత), వెరీ హై అంటే 320. ఐదు నిమిషాల పాటకి మొదటిది దాదాపు మూడున్నర ఎంబీ, రెండోది 12 ఎంబీ. లంక ఊళ్ళలో సిగ్నల్ పడిపోయేచోట ఆటోమేటిక్‌లో ఉంచితే పాట మధ్యలోనే క్వాలిటీ దిగిపోతుంది. ప్రీమియం ఉంటే ఇంట్లో వైఫై మీద డౌన్‌లోడ్ చేసుకోండి. యూట్యూబ్‌లో అయితే బ్యాండ్ సొంత ఛానల్‌దే పంపండి. జనంలో నిలబడి ఫోన్‌తో తీసిన కచేరీ వీడియోలో కేకలే ఎక్కువ.

"మా రేవా" నచ్చినవాళ్ళకి అదే ఆల్బమ్‌లో "కందీసా" పాట పంపండి, అది సిరియాక్ అనే పాత భాషలో ఉన్న క్రైస్తవ ప్రార్థన. అందులో తబలా వాయిస్తూనే పాడే అసీమ్ చక్రవర్తి 2009లో పోయారు. ఆ గొంతు కోసమైనా వినాలి.

మూడోది "ఫిష్ రాక్". కొచ్చి బ్యాండ్ తైక్కుడం బ్రిడ్జ్. మలయాళం పాట, విషయం చేపల వేపుడు! పుస్తెలమ్మైనా పులస తినాలనే మనవాళ్ళకి ఇంతకన్నా దగ్గర పాట ఏముంటుందండీ. "జాను" సినిమా సంగీతం ఇష్టపడేవాళ్ళుంటే వాళ్ళకి ముందు ఇది పంపండి, ఆ సంగీతం కట్టిన గోవింద్ వసంత ఈ బ్యాండ్‌లో మనిషే. వీళ్ళదే 2015లో వచ్చిన "నవరసం" కూడా ఉంది, కథకళి మీద. అది బరువైన పాట, మొదటే పంపితే బెదిరిపోతారు. "ఫిష్ రాక్" రెండుసార్లు విన్నాకే పంపండి.

నాలుగోది తెలుగే, చౌరస్తా బ్యాండ్ "ఊరెళ్ళిపోతా మామ". జానపదానికి రెగే నడక, జమైకా సంగీతం అది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చప్పట్లు కొట్టండి. రెగేలో గిటార్ చప్పట్ల మధ్య సందులో పడుతుంది. మన తీన్‌మార్‌కి అలవాటుపడ్డ చెవికి మొదట వెనకపడ్డట్టు అనిపిస్తుంది, వెనకపడటం కాదు, నడకే అది. సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్ళకి పంపండి.

ఐదోది "లోకద కాళజి", రఘు దీక్షిత్ ప్రాజెక్ట్. కన్నడ. రాసింది పంతొమ్మిదో శతాబ్దపు శిశునాళ షరీఫ్, మన తత్వాలు పాడేవాళ్ళ లాంటి కవి. కాళజి అంటే చింత. మిగతా మాటలు సగం మనకే తెలుస్తాయి. ఇది మాత్రం ఇంట్లో స్పీకర్ మీద, నలుగురు కూర్చున్నప్పుడు పెట్టండి. స్పీకర్ని గది మూలకి నెట్టకండి, మూలలో బేస్ ఉబ్బిపోయి మాటలు కలగాపులగం అవుతాయి. గోడకి ఓ రెండడుగులు ఇవతల, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో పెట్టండి. ఫ్యాన్ ఒక నంబర్ తగ్గించండి.

ఇందులో మీ ఫ్రెండ్‌కి ఏది పంపారో, పక్కన ఏ వాక్యం రాశారో కింద కామెంట్‌లో పెట్టండి. వాళ్ళకి నచ్చకపోతే అదీ రాయండి, దేని మీద విన్నారో కూడా చెప్పండి. ఫోన్ స్పీకర్ మీద విన్నారంటే ఇయర్‌ఫోన్ పెట్టించి, బడ్ సరిచేసి ఇంకోసారి వినిపించండి, ఆ తర్వాతే రెండో పాట.